నడుం పాయ మీద గీత

నమోదు 212

శాలలో ఒక నియమం ఉంది. మడత పని చేసేవాళ్ళు డ్యూటీ దిగాక రెండు సంగతులు రాయాలి: చెయ్యి ఏం చేసింది, మనసు ఎలా ఉంది. కోపంగా ఉన్న చెయ్యి మడతను గట్టిగా నొక్కుతుందట, దిగులుగా ఉన్న చెయ్యి వదులుగా వదిలేస్తుందట. రేపు దుప్పటి ఆకాశంలో విచ్చుకున్నప్పుడు ఎక్కడైనా ముడత పడితే అప్పుడు ఈ నమోదులు తెరిచి చదువుతారు. అంతవరకూ వీటికి తాళమే. కాబట్టి దాచుకోకుండా రాస్తాను.

చెయ్యి: నడుం పాయకు, అంటే దుప్పటి నడిమి పట్టీకి, మడత మార్చాను. ఎర్రదారం కట్టాను.

మనసు: కుళ్ళు.

టీ వేళకు మేస్త్రీ ఖాదర్ వలీ వచ్చి, దుప్పటిని నాలుగు వైపులా లాగే చువ్వలు పరీక్షలో వంగాయని, కొత్తవి వచ్చేదాకా విప్పడం వాయిదా అని చెప్పాడు. అందరూ ఉసూరుమన్నారు. నేను మాత్రం వేళ్ళు మడిచి చూసుకున్నాను. వాయిదా అంటే మధ్యలో ఇంకొక మడత మార్పు వస్తుంది. ఈసారి నాది అయింది కాబట్టి వచ్చేది అండాళు వదినగారిది. దుప్పటి మీద ఆఖరి దారం ఆవిడదవుతుంది.

ఆఖరి దారం ఎవరిదో వాళ్ళు విప్పే రోజున, దుప్పటి ఎండను మళ్ళించి పంపే గుండ్రాయికి వెళ్ళి, అక్కడి జనం మధ్య నిలబడి, వెలుగు వచ్చేటప్పుడు చూస్తారు. మిగిలిన వాళ్ళం ఇక్కడే, ఆకాశంలో తేలే ఈ శాలలో, దుప్పటి వెనకవైపున, తెరల ముందు కూర్చుంటాం. అది ఆనవాయితీ. గుండ్రాయిలో నా కొడుకు ఫణి ఉన్నాడు, కోడలు మైథిలి ఉంది, నాలుగేళ్ళ మనవరాలు చినుకు ఉంది. వచ్చిన చిక్కల్లా మైథిలి అండాళుగారి కూతురు కావడమే. మేమిద్దరం వియ్యపురాళ్ళం.

చినుకు అని పేరు పెట్టింది కూడా ఆవిడే. వాన అంటే ఎరగని రాయి మీద పుట్టిన పిల్లకి చినుకేమిటని నేను నవ్వాను. మిగతా అందరికీ ఆ పేరు తెగ నచ్చేసింది.

నమోదు 215

చెయ్యి: పక్క పాయల్లో గాలి పిండాను. మనసు: పరవాలేదు, ఆవిడ వేరే డ్యూటీలో ఉంది.

మా పనిలో ఒక దౌర్భాగ్యం ఉంది. మడత బాగా పెట్టామంటే విచ్చుకున్నాక దాని గుర్తు కూడా మిగలదు. మడత కనిపించిందంటే పని చెడిపోయినట్టు. విప్పేవాళ్ళను అందరూ చూస్తారు, చప్పట్లు కొడతారు. మడిచినవాళ్ళ గొప్పంతా కనిపించకుండా పోవడంలోనే ఉంది. నాకు పేరు కావాలి. ఈ వయసులో కూడా కావాలి. అది చెప్పుకోవడానికి సిగ్గుపడను.

రికార్డుల్లో దీన్ని పెద్ద పరావర్తక పొర అంటారు. గుండ్రాయిని మించిన వెడల్పు, సబ్బు బుడగ పాటి మందం, ఒక వైపు వెండి పూత. యంత్రంతో మడిచిన రెండింటికి మడత మీదే పూత చిట్లిపోయింది. అప్పటి నుంచి మళ్ళీ చేతులే దిక్కయ్యాయి. మా అమ్మమ్మ పెట్టెలో పట్టుచీరలు అప్పుడప్పుడు తీసి, మడత మార్చి పెట్టేది. ఒకే మడతలో ఏళ్ళ తరబడి ఉంచితే జరీ విరిగి, చీర ఆ గీత వెంబడి చిరిగిపోతుంది. దుప్పటికీ అదే ధర్మం. ఒక గీత ఒక గడువు మోస్తే, తరవాతి గడువు దానికి విశ్రాంతి. మడతను సగానికి పక్కకు జరుపుతాం. వంపు ఉన్నచోటు చదునవుతుంది, చదునుగా ఉన్నచోటు వంపవుతుంది. మళ్ళీ జరిపితే మొదటి చోటికే వస్తుంది. రెండు గీతలూ వంతులవారీగా బరువు మోస్తాయి.

పక్క పాయలకు ఈ పని అందరూ చేస్తారు. నడుం పాయ మాత్రం పెద్ద చేతులకే. విప్పేటప్పుడు మొదటి లాగు దాని మీదే పడుతుంది. అది చిరిగితే ఇక దుప్పటి లేనట్టే. దాని మీద రంగు గుర్తులు పెట్టడానికి లేదు, గుర్తున్న చోట ఎండ వేడి పట్టి చిట్లుతుంది. అందుకే దారాలు. మడత మార్చినవాళ్ళు కొసన తమ రంగు దారం కడతారు. నాది ఎరుపు. ఆవిడది పసుపు. పనిలో చేరినప్పుడు ఒక్క ఉండ ఇస్తారు, అది అయిపోతే పని కూడా అయిపోయినట్టే.

ఆవిడ చెయ్యి గురించి కూడా రాయాలి, తప్పదు. పాత వంపు మీద వెచ్చని మెత్త పెట్టి నిమిరితే గీత ఆనవాలు లేకుండా పోతుంది. నేను నిమిరినా పోతుంది, కానీ నాకు రెండింతలు సేపు పడుతుంది. ఆవిడ పాటలు పాడుకుంటూ చేస్తుంది.

నమోదు 238

చెయ్యి: ఏమీ లేదు, సెలవు. మనసు: రాయాలంటే పేజీలు చాలవు.

గుండ్రాయి పాత అద్దానికి ఆకాశంలో తిరిగే ఇసుక తుంపర తగిలి జల్లెడయిపోయి ఏడాది దాటింది. అప్పటి నుంచి అక్కడ దీపాలే. తోటలో ఆకుకూరలు పాలిపోయాయి. మనిషికింత అని కూర పంచుతున్నారు. ఈ దుప్పటి గనక విచ్చుకోకపోతే ఇంకొకటి తయారయ్యేదాకా ఆ రాయి మీద మనుషులు ఉండలేరు. కుటుంబాలను తలా ఒక రాయికీ సర్దుతామని ఇప్పటికే అంటున్నారు. ఫణి వాళ్ళకు ఎక్కడ చోటు దొరుకుతుందో, దొరికినా నా బతుకులో మళ్ళీ ఆ పిల్లను చూస్తానో లేదో నాకు తెలియదు.

ఇవాళ ఫణి ఫోన్ చేశాడు. చినుకుకు జ్వరమట. గాభరా పడేంత జ్వరం కాదట, కానీ పిల్ల మనిషిని వదలడం లేదట. శాల నుంచి గుండ్రాయికి వచ్చే పడవలో ఒక్కరికే చోటుంది, ఎవరైనా వస్తే బాగుంటుందన్నాడు. నేను చెప్పులు వెతుక్కుంటున్నాను, ఇంతలో మైథిలి గొంతు వినిపించింది, పాప అమ్మమ్మను అడుగుతోందని. అండాళుగారు అప్పటికే డ్యూటీలో ఉంది. డ్యూటీలోంచే తిన్నగా వెళ్ళి పడవ ఎక్కేసింది.

జ్వరం వచ్చిన పిల్ల మీద కూడా కోపం వచ్చింది నాకు. రాశాను, అయిపోయింది.

నమోదు 240

చెయ్యి: చెప్తాను. మనసు: హుషారు, అది మంచి హుషారు కాదు.

నడుం పాయ గడువు అయిపోయింది. ఈసారి అండాళుగారి వంతు. కొసకు వెళ్ళి చూశాను. పసుపుదారం లేదు. నా ఎర్రదారం కూడా లేదు, ఆవిడ విప్పేసి ఉంటుంది. పని మొదలుపెట్టబోయి, ఫోన్ రాగానే మానేసి పరిగెత్తిందని నాకు వెంటనే అర్థమైంది. మనవరాలు పిలిచిందని గుండ్రాయి మొత్తానికి దిక్కయిన దుప్పటిని గాలికి వదిలేసింది.

నలుగురిలో అనొచ్చు. అనలేకపోయాను. వియ్యపురాలి తప్పు ఎత్తి చూపడం మా ఇళ్ళలో లేదు. పెళ్ళిలో పప్పు మాడినా పాయసంలా ఉందని తిని లేవాలి. ఆవిడ కూడా నన్ను ఒక్క మాట అనలేదు ఇన్నేళ్ళలో. ఇద్దరం వదినగారూ, వదినగారూ అనుకుంటూనే లోపల లోపల ఉడుకుతుంటాం.

అందుకని నేనే మార్చేశాను. నిన్నా ఇవాళా రెండు డ్యూటీలు పట్టింది. పాత వంపును ఎంత బాగా నిమిరానంటే ఆవిడ వచ్చి చూసినా కనిపెట్టలేదు. దారం కట్టలేదు. కడితే ఆవిడకు తెలిసిపోతుంది, తెలిస్తే మొహమాటంగా ఒక థాంక్స్ చెప్పి చేతులు దులుపుకుంటుంది. అంత చవగ్గా వదలడం నాకు ఇష్టం లేదు. ఎప్పుడో ఒకనాడు మైథిలి ముందర, భోజనాల దగ్గర, మాటల్లో మాటగా జారవిడుస్తాను. మీ అమ్మ ఎగ్గొట్టిన పని నేను చేశానమ్మా, పోనీలే, నేను పట్టించుకోలేదు అని. ఆ మాట తలుచుకుంటే అన్నం కూడా రుచిగా ఉంది.

నమోదు 247

చెయ్యి: పక్క పాయలు. మనసు: మంట.

వీడియోలో చినుకు కనిపించింది. జ్వరం తగ్గింది. మొహం పాలిపోయి ఉంది కానీ అది దీపాల వల్ల, అక్కడ అందరూ అలాగే ఉన్నారు. రెండు జడలు వేసుకుంది. జడల చివర పసుపుదారం. కొంచెం కాదు, ఉండలో మిగిలినదంతా పిల్ల జుట్టుకే చుట్టినట్టుంది. అమ్మమ్మ పనిచేసే దారం, నాకే ఇచ్చేసింది అని తిప్పి తిప్పి చూపించింది. నానమ్మా, నీ దారం ఎప్పుడిస్తావని అడిగింది.

పని చేసుకునే దారం అలా పంచిపెట్టడానికి లేదమ్మా అన్నాను. పిల్ల మొహం చిన్నబోయింది. ఆ దారం అయిపోతే ఆవిడ పని కూడా అయిపోయినట్టే కదా, తన పనినంతా ఒక్క పూటలో పిల్ల జడకు కట్టేసింది. నాకు ఆ ఆలోచన ఎందుకు రాలేదు? వచ్చినా ఇచ్చేదాన్నా? ఇచ్చేదాన్ని కాదు. అందుకే ఈ మంట.

నమోదు 251

అండాళుగారు తిరిగి వచ్చింది. గుండ్రాయి తోటలోని గోంగూర నాలుగు ఆకులు గుడ్డలో చుట్టి నాకు తెచ్చింది. తమ వాటా కూరలోంచి మిగిల్చిందట. తీసుకున్నాను. చాలా బాగుందని అన్నాను, నిజంగానే బాగుంది, ఆ సంగతి కూడా మింగుడు పడలేదు.

పని ఎగ్గొట్టానన్న బెరుకు ఆవిడ మొహంలో ఎక్కడా లేదు. నడుం పాయ మాట ఎత్తుతుందేమోనని చూశాను, ఎత్తలేదు. నా వంక ఓరగా చూసి నవ్వింది, అంతే. తేలు కుట్టిన దొంగ అయినా ఇంత నిబ్బరంగా ఉండడు. ఆవిడ మాట గద్వాల వైపుది, నాది చీరాల వైపుది. ఆ ఊళ్ళు మేమిద్దరం చూసింది లేదు, మా ముత్తవ్వల నుంచి మాటలో మిగిలాయి. పిల్ల మాత్రం గద్వాల మాటే పట్టుకుంది. నన్ను కూడా గట్లనా అని అడుగుతుంది.

నమోదు 266

చెయ్యి: చప్పట్లు కొట్టింది. మనసు: ఇంకా తెలియదు.

కొత్త చువ్వలు వచ్చాయి. దుప్పటిని ఆకాశంలో విప్పే డ్రమ్ములోకి ఎక్కించే ముందు మేస్త్రీ అందరినీ కూర్చోబెట్టి దారాలు అడిగాడు. పాయ పాయకీ దారం సరిపోయింది. నడుం పాయ దగ్గర ఆగాడు. దారం లేదేమని అండాళుగారిని అడిగాడు.

ఆవిడ లేచి నిలబడింది. నా వైపే చూస్తూ చెప్పింది. జ్వరం కబురు వచ్చిన రోజున డ్యూటీలో చేస్తున్న పని అదేనట. అంతకుముందు రోజే మొదలుపెట్టి, ఆ రోజు పూర్తి చేసిందట. పాత దారం విప్పేసింది, తన దారం కట్టే వేళకు కబురు వచ్చింది. ఉండ ఒళ్ళోనే ఉండిపోయింది. అక్కడికి వెళ్ళాక జ్వరంతో ఏడుస్తున్న పిల్లను మరిపించడానికి ఆ దారంతో జడలు వేస్తూ పోతే మొత్తం అయిపోయింది.

మేస్త్రీ తల ఊపాడు. దారం లేకపోయినా చెయ్యి మీదే, అందరికీ తెలుసు, గుండ్రాయికి మీరే వెళ్ళండి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

చప్పట్లు కొడుతూనే లెక్క వేసుకున్నాను. ఎర్రదారంతో నేను పెట్టిన గీత గడువంతా మోసింది. దాన్ని ఆవిడ పక్కకు జరిపి విశ్రాంతి ఇచ్చింది. నేను వెళ్ళి, ఆవిడ జరపలేదనుకుని, మళ్ళీ జరిపాను. విశ్రాంతి తీసుకోవాల్సిన గీత మీదికే వంపును తిరిగి తెచ్చాను. ఒక గడువు మోసి అలిసిన గీత రెండో గడువు కూడా మోస్తోంది, ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ ఎంత బాగా నిమిరిందంటే నేను కనిపెట్టలేకపోయాను. నేను ఎంత బాగా నిమిరానంటే ఆవిడా కనిపెట్టలేదు. మా ఇద్దరి పనితనం కలిసి కొంప ముంచింది.

నమోదు 267

ఇది రాయడం కష్టంగా ఉంది, అయినా రాస్తాను.

మేస్త్రీ అందరి ముందూ చెయ్యి అండాళుగారిదే అన్నాడు. నడుం పాయ చిరిగితే ఆవిడ పేరే వస్తుంది. దారం కట్టడం కూడా మరిచిపోయిన మనిషి, పిల్ల ధ్యాసలో పడి పాడుచేసింది అంటారు. మైథిలి కూడా అంటుంది. ఆ ఊహ వచ్చినప్పుడు నా కడుపులో చల్లగా ఉంది. ఒక్క క్షణం కాదు, ఒక డ్యూటీ అంతా ఉంది. పాయలు సర్దుతూ, ఖాళీ అయిన రాయిని, పడవలు ఎక్కుతున్న మనుషులను, ఆ వరసలో తల దించుకున్న ఆవిడను ఊహించుకున్నాను. ఆ వరసలో చినుకు కూడా ఉంటుందన్న సంగతి డ్యూటీ అయిపోయే వేళకు గానీ గుర్తు రాలేదు. నా కుళ్ళు అంతటిది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే నా పరువు పోతుంది, పైగా గుండ్రాయికి వెళ్ళేది ఎలాగూ ఆవిడే.

నమోదు 268

చెప్పేశాను. మేస్త్రీకి కాదు, ముందు ఆవిడకే. పక్కన ఎవరూ లేకుండా చూసి, డ్రమ్ము వెనక్కి పిలిచాను.

"వదినగారూ, మీరు ఊరెళ్ళాక నడుం పాయకు నేను కూడా మడత మార్చాను" అన్నాను.

ఆవిడ అరచేతిని ఒకసారి మడిచింది, తెరిచింది, మళ్ళీ మడిచింది. పనివాళ్ళకు అంత చాలు.

"అంటే మళ్ల మీ పాత గీత మీదికే వచ్చిందా?"

"వచ్చింది."

"మరి దారమెందుకు గట్టలే?"

"మీరు ఎగ్గొట్టారనుకున్నాను. ఎప్పుడో ఒకనాడు మైథిలి ముందర అందామని దాచుకున్నాను."

ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ డ్రమ్ముకు ఆనుకుంది.

"నేను గూడ దాచుకున్ననొదినా" అంది. "దారం గట్టలేదు గని పనైందని పడవెక్కే ముందు మీకొక్క మాట జెప్పొచ్చు. జెప్పలే. మీరు చూస్తరు, అండాళు పని ఎగ్గొట్టిందని నలుగుర్ల అంటరు, అప్పుడు నేను లేచి చేసిన అంటే మీ మొహం ఎట్లయితదో చూద్దామనుకున్న. మీరు అంటరనుకున్న గని, గప్‌చుప్‌గ చేస్తరనుకోలే."

గోంగూర ఇచ్చిన రోజు ఓరచూపు ఎందుకో అప్పుడు అర్థమైంది. సమావేశంలో నా వైపే చూస్తూ ఎందుకు మాట్లాడిందో కూడా. ఇన్నేళ్ళ తరవాత ఆవిడ మీద నాకు మొదటిసారి ఇష్టం లాంటిది కలిగింది. నా పాటి కుళ్ళు ఇంకొక మనిషిలో కూడా ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

ఇద్దరం కలిసి మేస్త్రీ దగ్గరికి వెళ్ళాం. ఖాదర్ వలీ మంచి మనిషి, గొంతు పెంచడు. విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. గుండ్రాయి తిరిగే తిరుగుడును బట్టి విప్పే వేళ ఖాయమైపోయింది, అది దాటితే మళ్ళీ చాలాకాలం దాకా కుదరదు, ఒక్క మనిషి మడత మార్చాలంటే రెండు డ్యూటీలు, ఉన్నది ఒక్కటే అన్నాడు.

"రెండు కొసల నుంచి ఇద్దరు వస్తేనో?" అంది అండాళుగారు.

నడుం పాయ మీద రెండు చేతులు పడటం ఇంతవరకూ జరగలేదు. ఇద్దరి నొక్కుడు ఒకలా ఉండదు, కలిసేచోట ముడత వస్తుంది. మేస్త్రీ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"మీ ఇద్దరికీ సమంగా చేయడం ఎలాగూ రాదు. పోటీ పడి చేయండి, సమం అవుతుంది" అన్నాడు.

నమోదు 269

చెయ్యి: నడుం పాయ, సగం. మనసు: పందెం కోడి.

నేను తూర్పు కొస, ఆవిడ పడమటి కొస. ఇక్కడ తూర్పూ పడమరా లేవు, గోడల మీద రాసుకున్నాం. మడత గదిలో బరువు ఉండదు కాబట్టి పాయ నీళ్ళలో గుడ్డలా ఆడుతుంది, ఊపిరి గట్టిగా వదిలినా కదిలిపోతుంది. ఆవిడ పాట మొదలుపెట్టింది. నేను ఆ పాటను ద్వేషిస్తాను. కానీ కాసేపటికి నా చెయ్యి కూడా ఆ లయకే నడిచింది, ఎంత ఆపుకున్నా ఆగలేదు. బహుశా అందుకే నొక్కుడు కలిసింది.

మధ్యలో కలిశాం. నేను ఒక మడత ముందు చేరాను. ఈ సంగతి రాసి ఉంచుతున్నాను, రేపు ఎవరైనా అడిగితే చూపించవచ్చు.

పాత గీత ఇప్పుడు చదునైంది. మెత్త పెట్టి ఇద్దరం నిమిరాం. చిరగదు, లాగు ఇప్పుడు దాని మీద పడదు. కానీ రెండు గడువులు మోసిన పూత నలిగింది. ఎంత నిమిరినా సన్నటి మసక పోలేదు. ఆవిడ చెయ్యికి కూడా లొంగలేదు.

పని అయ్యాక మేస్త్రీ దారం కట్టమన్నాడు. ఆఖరి దారం ఎవరిదైతే వాళ్ళే గుండ్రాయికి. అండాళుగారి దగ్గర దారం లేదు, అది పిల్ల జడలో ఉంది. మీరు కట్టండి, మీరు కట్టండి అనుకునే ఆట ఆడవచ్చు. నేను ఆడలేదు. ఎర్రదారం తీసి గబగబా ముడి వేసేశాను. ఎవరూ ఏమీ అనకముందే రెండో ముడి కూడా వేశాను.

"పొండ్రి వదినా. పాపకు నా తరఫున ఒక ముద్దియ్యండ్రి" అంది ఆవిడ. నవ్వుతూనే అంది, కానీ కళ్ళు వేరే వైపు తిప్పుకుంది. గెలిచాక కూడా నాకు తృప్తి లేకుండా చేయడం ఆవిడకే చెల్లింది.

నమోదు 272

గుండ్రాయి నుంచి రాస్తున్నాను. చెయ్యి: ఖాళీ, పిల్ల పట్టుకున్నప్పుడు తప్ప.

విప్పే ముందు ఇక్కడ దీపాలన్నీ ఆర్పేస్తారు. రాయి మీద ఉన్న మనుషులందరూ తోటలో చేరారు, గాజుకప్పు కింద. చీకట్లో పక్కవాళ్ళ ఊపిరి వినిపిస్తోంది. పాలిపోయిన ఆకుల వాసన వస్తోంది. ఫణి నా భుజం మీద చెయ్యి వేశాడు. మైథిలి అవతలి పక్కన నిలబడింది. వాళ్ళకు జరిగినదంతా నేనే చెప్పాను, పడవ దిగగానే చెప్పాను. మేమిద్దరం తప్పు చేశామని, మైథిలి వాళ్ళమ్మ గురించి ఏమీ కలపకుండా చెప్పాను. ఎంత కలపాలనిపించినా కలపలేదు. ఈ రోజుకు నా పుణ్యం అంతే.

చినుకు నా ఒళ్ళో కూర్చుంది. అమ్మమ్మ ఎందుకు రాలేదని ఒకసారి కాదు, చాలాసార్లు అడిగింది. జడలకు ఇంకా పసుపుదారమే.

పైన సన్నటి చుక్క మెరిసింది. అది డ్రమ్ము తెరుచుకోవడం. తరవాత ఆ చుక్క గీతగా సాగింది, అంటే నడుం పాయ మీద లాగు పడింది. నేను ఊపిరి బిగబట్టాను. ఆ క్షణంలో నాకు పేరు గుర్తు లేదు, దారం గుర్తు లేదు, ఆవిడ మీద కుళ్ళు కూడా గుర్తు లేదు. చిరగకు తల్లీ అని మాత్రం అనుకున్నాను. గీత సాగింది, ఆగింది, మళ్ళీ సాగింది. ఆ మీదట పక్క పాయలు ఒక్కొక్కటే విచ్చుకోవడం మొదలైంది.

వెలుగు వణుకుతూ వచ్చింది. పొర ఇంకా అలలు పోతోంది కాబట్టి తోటంతా నీళ్ళ కింద ఉన్నట్టు కదిలింది. జనం కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. చినుకు నా చీరలో మొహం దాచుకుంది. అలలు తగ్గి, చువ్వలు బిగిసి, వెలుగు నిలబడింది. ఎవరో పెద్దగా ఏడ్చారు. మైథిలి వంగి ఒక తోటకూర ఆకును ముట్టుకుని చూసింది, నిజంగా వెచ్చగా ఉందేమోనని. ఫణి శాలకు ఫోన్ కలిపి, ఫోన్‌ను గాల్లోకి ఎత్తి పట్టుకున్నాడు. అవతల అండాళుగారికి ఈ గోల వినిపించి ఉంటుంది. ఆవిడ కూర్చున్న చోటు దుప్పటి వెనక నీడలో ఉంటుంది, ఆవిడకు కనిపించేది తెర మీద అంకెలే.

అప్పుడు చూశాను. తోటకు అడ్డంగా, ఆకుకూరల మడుల మీదుగా, నడిచే దారి మీదుగా, ఒక సన్నటి మసక గీత. రెండు గడువులు మోసిన గీత. దుప్పటి మీద వెంట్రుక మందం ఉన్నది ఇక్కడ జానెడు వెడల్పు పడింది. ఈ అద్దం ఉన్నన్నాళ్ళూ అది అక్కడే ఉంటుంది. ఎన్నేళ్ళ నుంచో నా పని నలుగురికీ కనిపించాలని ఏడ్చాను, ఇప్పుడు కనిపించింది.

పిల్లలు మాత్రం అప్పుడే దాని మీద గెంతుతున్నారు. చినుకు ఒళ్ళోంచి దిగి వెళ్ళి, కాలి బొటనవేలితో గీతను తాకి చూసింది.

"నానమ్మా, ఇదెవరు గీసిండ్రు?"

ఎవరూ వినడం లేదు. ఏదైనా చెప్పవచ్చు.

"మీ అమ్మమ్మా నేనూ" అన్నాను. అమ్మమ్మ పేరు ముందు ఎలా వచ్చిందో నాకే తెలియదు.

చినుకు తక్కిన పిల్లల వైపు తిరిగి, ఇది మా అమ్మమ్మ గీత, అడిగి గెంతాలె అని గట్టిగా చాటింది. పిల్లలు వరసగా నిలబడి అడగడం మొదలుపెట్టారు. అమ్మమ్మ గీత, అమ్మమ్మ గీత అని. నేను ఊరుకోవలసింది. అది గొప్ప కాదు, తప్పు. మా ఇద్దరి తప్పు, ఈ రాయి మీద అందరి ప్రాణాల మీదికి తెచ్చిన తప్పు. ఆ తప్పుకు నా పేరు రానందుకు సంతోషించవలసింది.

"అందులో సగం నాది" అన్నాను.

చినుకు నన్ను చూసింది, గీతను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. సరే, సగం నీది, పోయి నీ సగం మీద నిలబడు అంది.

ఏ సగం పొడుగ్గా ఉందో చూసుకుని, వెళ్ళి దాని మీద నిలబడ్డాను.